కాలు తీసేసిన కుక్కకి కుట్ల కింద వాపు వచ్చింది, ఈగలు ముసురుతున్నాయి. ఏం చెయ్యాలి?

ప్రశ్న (అంబాజీపేట దగ్గర నుంచి)

అందరికీ నమస్కారమండి. మాది నాటు కుక్క, మగది, నాలుగేళ్ళుంటాయి. 216 హైవే మీద లారీ తగిలి వెనక ఎడమ కాలు నుజ్జయిపోయింది. ఎముక అతకదని చెప్పి రాజమండ్రిలో తొడ పైభాగం దాకా తీసేశారు. ఆపరేషన్ అయి ఇవాళ్టికి నాలుగో రోజు. కుట్లు నాకకుండా మెడకి కోన్ కట్టి, మాత్రలు రాసిచ్చి పంపించారు. పద్నాలుగో రోజున కుట్లు తీస్తామన్నారు.

నిన్నటి నుంచి కుట్లకి కింద, పొట్ట వైపు, మెత్తగా ఉబ్బింది. చుట్టూ చర్మం నీలంగా కమిలింది. పైగా ముసురు పట్టింది కదండీ, పక్కనే గేదెల పాక, ఈగలు తోలలేక చస్తున్నాం. మా అమ్మ పసుపూ కొబ్బరినూనే కలిపి రాద్దామంటోంది. పక్కింటి బాబాయిగారు కిరసనాయిలు రాస్తే ఈగ వాలదంటున్నారు. రాత్రిళ్ళు పడుకున్నవాడు పడుకున్నట్టే ఒక్కసారిగా కుయ్యిమని లేచి, కాలు లేని వైపు తిరిగి చూసుకుంటున్నాడు. ఆపరేషన్ అయ్యాక దొడ్డికి కూడా వెళ్ళలేదు. రాజమండ్రికి ఫోన్ చేస్తే కలవట్లేదు. కాస్త చెప్పండి.

జవాబు (ముమ్మిడివరం)

కంగారు పడకండి. పసుపు మంచిదే, మా గేదెకి కొమ్ము విరిగితే వేపాకూ పసుపూ నూరి పెట్టాం, మానిపోయింది.

జవాబు (పశువైద్యుడు, తణుకు)

ముందు వాపు సంగతి. నాలుగో రోజున కోత కింద వాపూ కమిలినట్టు నీలంగా ఉండటమూ చాలామట్టుకు మామూలే. కాలు తీసేటప్పుడు పెద్ద కండరాలు కోస్తారు. లోపల ఊరిన నీరూ, కొద్దిపాటి రక్తమూ కిందకి దిగి పల్లంలో నిలుస్తాయి. వెనక కాలయితే అది పొట్ట కిందికీ, మగ కుక్కలో వృషణాల వైపుకీ దిగుతుంది. నీలం రంగు పోనుపోను పసుపు పచ్చగా మారి పోతుంది.

అయితే వాపులన్నీ ఒకటి కావు. చేతులు సబ్బుతో కడుక్కుని, కుట్ల మీద కాకుండా వాపు మీద వేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. వేలు తీశాక గుంట పడి, కాసేపటికి పూడుకుంటే అది ఒట్టి నీరువాపు. కుట్లకి పక్కనే ఒకచోట, నీళ్ళు నింపిన పాల ప్యాకెట్టులాగా అటు నొక్కితే ఇటు కదులుతూ, వేడి లేకుండా, నొక్కినా కుక్క పట్టించుకోకుండా ఉంటే చర్మం కింద ఖాళీలో నీరు చేరిందన్నమాట. దీన్ని సెరోమా అంటాం. చాలావరకు రెండు మూడు వారాల్లో ఒళ్ళే పీల్చేసుకుంటుంది. ఇంట్లో సూది గుచ్చి లాగారో, లోపల శుభ్రంగా ఉన్న నీటిలోకి మీరే చీము ఎక్కించినట్టు. ఇక మూడోది: వాపు గట్టిగా, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతూ ఉండటం, ముట్టనివ్వకుండా కుక్క గుర్రుమనడం. చీము పట్టేటప్పుడు అలా ఉంటుంది. అది కనిపిస్తే ఇక్కడ ఫొటో పెట్టి జవాబు కోసం చూడొద్దు, డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి.

మొదటి రెండు మూడు రోజులు చల్లటి కాపడం పెట్టాలి. మీకు ఆ గడువు దాటింది కాబట్టి ఇకనుంచి గోరువెచ్చటిది. వేణ్ణీళ్ళలో పిండిన గుడ్డని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దానిమీద పొడి తువ్వాలు చుట్టి, కుట్లు తడవకుండా వాపు మీద పది నిమిషాలు ఉంచండి. రోజుకి రెండు మూడు సార్లు చాలు. ముందు మీ ముంజేతి మీద పెట్టి చూసుకోండి. మీకు హాయిగా ఉంటేనే వాడికి పెట్టండి.

ఇక పూత మందుల మాట. పై జవాబు రాసినవారు మంచి మనసుతో చెప్పారు, కాదనను. కానీ గేదె కొమ్ముది తెరిచి ఉన్న పుండు, ఇది అంచులు కలిపి కుట్టిన కోత. కుట్టిన కోతకి మనం పూయాల్సింది ఏమీ లేదు. తడవకుండా, నాకకుండా, ఈగ వాలకుండా కాపలా కాయడమే వైద్యం. కొబ్బరినూనె రాస్తే కోత చెమ్మగా ఉండి చర్మం నానుతుంది, చీమలు పడతాయి, వాసనకి వాడు నాకాలని చూస్తాడు. పసుపు రంగు కింద ఎరుపు కనపడదు, చీము మొదలయినా మీకు తెలీదు. డెట్టాలు, స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాల్ని కాల్చేస్తాయి. కిరసనాయిలు, పెట్రోలు, ఫినాయిలు, కలరా ఉండల పొడి మాత్రం చచ్చినా వద్దు. చర్మం బొబ్బలెక్కుతుంది, నాకితే ప్రాణం మీదకొస్తుంది. కుట్ల మీద రసి ఎండి పెచ్చు కడితే, మందుల షాపులో దొరికే సెలైన్‌లో గాజుగుడ్డ తడిపి అద్ది తీసి, వెంటనే పొడిగా ఒత్తండి. దూది వాడొద్దు, పీచు కుట్లకి చిక్కుకుంటుంది.

ఈగల గురించి మీరు పడుతున్న భయం నిజమైనదే. మన వైపు వానాకాలంలో పురుగులు పట్టిన కుక్కలే ఎక్కువ వస్తాయి. ఈగ గుడ్లు పెట్టాక ఒక్క రోజులోపే అవి పురుగులవుతాయి. అందుకని పొద్దున్నా సాయంత్రం రెండు పూటలా చూడటం తప్పనిసరి. మంచి వెలుతురులో, ఫోన్ టార్చి వేసి, కుట్ల పక్క వెంట్రుకల మొదళ్ళు విడదీసి చూడండి. సన్నగా, తెల్లగా, గుత్తులుగా అంటుకుని ఉన్నవి గుడ్లు. తడి గాజుగుడ్డతో తుడిచి తీసేయండి. కదులుతున్నవి కనపడినా, కుట్ల సందులో చిన్న కన్నం కనపడినా, కుళ్ళు వాసన వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పశువులకి వాడే ఐవర్‌మెక్టిన్ తెచ్చి మీరే పొడిచేయకండి. మోతాదు తేడా వస్తే కుక్కకి నరాల మీద పడుతుంది, కొన్ని జాతులకయితే కొద్దిపాటి మందే విషం.

వాణ్ణి గేదెల పాక పక్కనుంచి తీసి ఇంట్లోకి మార్చండి. దోమతెర కట్టి లోపల పడుకోబెట్టి ఫ్యాను పెట్టండి. గాలి తగులుతుంటే ఈగ నిలవలేదు. గాయాల చుట్టూ కొట్టే ఈగల మందు స్ప్రేలు పశువుల మందుల షాపుల్లో ఉంటాయి. కుక్కకి పనికొస్తుందో లేదో అడిగి, కుట్ల మీద పడకుండా చుట్టూ ఉన్న బొచ్చు మీద మాత్రమే కొట్టాలి. పక్కకి వరిగడ్డి వద్దు, నలుసులు కుట్లలో దూరతాయి, చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత నేత చీరలు మడతలు వేసి పరిచి, రోజూ ఉతికి మార్చండి. ముసురులో ఆరకపోతే ఇస్త్రీ చేసి పరవండి.

రాత్రి ఒక్కసారిగా అరవడం, లేని కాలు వైపు చూసుకోవడం నొప్పికి గుర్తు. తెగిన నరం ఇంకా కాలు ఉన్నట్టే కబురు పంపుతుంటుంది. మనుషుల్లోనూ ఇది ఉంది. మీకు రాసిచ్చిన చీటీలో గాబాపెంటిన్ (నరాల నొప్పికి వాడే మందు) ఉందో లేదో చూడండి. ఉంటే, చెప్పిన వేళలకే ఇస్తున్నారా? "బాగానే ఉన్నాడు కదా" అని ఒక పూట ఎగ్గొడితే ఇలాగే అవుతుంది. ఆ మందుకి మత్తుగా తూలడం మామూలే. లేకపోతే డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కలకి కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా లివరుకి ప్రమాదం. సిరప్పులూ వద్దు, కొన్నిట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కకి విషం. మెలాక్సికామ్ రాసి ఉంటే అన్నం తిన్నాకే వెయ్యాలి. వాంతులయినా, దొడ్డి నల్లగా తారు రంగులో వచ్చినా ఆపేసి వెంటనే డాక్టరుకి చెప్పండి.

దొడ్డికి రెండు మూడు రోజులు వెళ్ళకపోవడం మత్తు మందుల వల్లా, తిండి తగ్గడం వల్లా ఉంటుంది. మీకు నాలుగో రోజు కాబట్టి రేపటికి కూడా కాకపోతే చూపించండి. మూత్రం మాత్రం ఒక రోజంతా పోయకపోతే ఆగొద్దు.

మళ్ళీ ప్రశ్న (అంబాజీపేట)

చాలా థాంక్సండి డాక్టరుగారూ. నొక్కి చూశాను. మీరన్నట్టు కదులుతోంది, వేడి లేదు, వాడేమీ అనలేదు. చీటీలో గాబాపెంటిన్ ఉంది. రాత్రి మాత్రకి మగతగా ఉంటున్నాడని మా అమ్మ సగమే వేస్తోందట! ఇంకొకటండి, కుట్ల కింది చివర నుంచి లేత ఎరుపులో నీళ్ళలాగా నాలుగు చుక్కలు కారింది.

జవాబు (పశువైద్యుడు, తణుకు)

అమ్మగారికి చెప్పండి, ఆ మగత వాడికి నిద్ర. నిద్రపోతేనే మానేది.

పల్చటి లేత ఎరుపు నీరు నాలుగు చుక్కలు పరవాలేదు. చిక్కగా, పచ్చగా, వాసనతో వస్తే చీము. ఎర్రటి రక్తం కారితే మడిచిన గాజుగుడ్డ పెట్టి, తీసి తీసి చూడకుండా అయిదు నుంచి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. ఆగకపోతే బండి ఎక్కించండి. పై పెదవి ఎత్తి చిగుళ్ళు కూడా చూస్తూ ఉండండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయాయంటే లోపల రక్తం పోతూ ఉండొచ్చు. మన దగ్గర గోమార్ల జ్వరం ఎక్కువ, అది ఉన్న కుక్కకి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఇదివరకు గోమార్లు బాగా పట్టి ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి.

థర్మామీటరు ఒకటి వాడికోసం విడిగా కొనండి. కొనకి కొబ్బరినూనె రాసి (నూనె వాడాల్సింది ఇక్కడే) మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటితే ఫోన్ చెయ్యాలి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తేల్చకండి.

రోజూ ఒకే చోట, ఒకే వైపు నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. వాపు చుట్టుకొలత దారంతో కొలిచి ముడి వెయ్యండి. పెరుగుతోందో తగ్గుతోందో డాక్టరుకి అవే చెబుతాయి. నొప్పి మీద ఉన్నవాడు సొంత మనిషినయినా కరుస్తాడు. పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో నీళ్ళధార కింద కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రేబిస్ టీకా వేయించుకోండి. మీ మండల పశువైద్యశాలలో కూడా గాయం చూస్తారు, కుట్లు తీస్తారు, ప్రతిసారీ రాజమండ్రి దాకా వెళ్ళక్కర్లేదు. రవాణా ఇబ్బందయితే 1962 కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం మీ ఊరు ఏ రోజున వస్తుందో కనుక్కోండి.

జవాబు (భీమవరం)

మా ఆడకుక్క మూడు కాళ్ళ మీద ఉందండి, దానికి ముందు కాలు లేదు. నడక విషయం నేను చెబుతాను.

మీ ఇంట్లో టైల్సా, గచ్చా? టైల్స్ అయితే ఇవాళే ఏదో ఒకటి పరవండి. జారి కాళ్ళు విడిపోతే కుట్లు పిగిలిపోతాయి. కోనసీమలో ఉన్నారు, మీకు కొబ్బరి పీచు పట్టాలకి కరువేమిటి? పడుకునే చోటి నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి గుమ్మం దాకా వరసగా వేసెయ్యండి. పడుకోవడానికి మాత్రం పీచు వద్దు, ఒరుసుకుంటుంది. గోళ్ళు కత్తిరించి, అరికాళ్ళ సందుల్లో పెరిగిన వెంట్రుకలు తీసేయండి, పట్టు దొరుకుతుంది.

లేపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఎత్తకండి. పొడుగు తువ్వాలు పొట్ట కిందుగా, కుట్లకి తగలకుండా, నడుముకి ముందుగా వేసి రెండు కొసలూ పైకి పట్టుకోండి. బరువు వాడే మొయ్యాలి, మీరు ఆసరా మాత్రమే. కుక్క బరువులో నూటికి అరవై వంతుల దాకా ముందు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి, వెనక కాలు పోయినవాడు మాదానికంటే తొందరగా అలవాటు పడతాడు. మగవాడు కదా, ఉన్న ఒక్క వెనక కాలూ ఎత్తబోయి తూలుతాడు. మొదట్లో తువ్వాలు పట్టుకునే ఉండండి.

కోన్‌తో గిన్నె అందకపోతే గిన్నెని ఇటుక మీద పెట్టండి. జాలిపడి కోన్ విప్పొద్దు. తిండికి అన్నంలో ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడి మాంసం పెట్టాం. చేపల పులుసు కలిపిన అన్నం అలవాటయితే మానిపించండి, ఉల్లి వెల్లుల్లి కుక్కకి పడవు, ముల్లు ఇంకో గొడవ. మానాక కూడా ఒళ్ళు పెరగనివ్వకండి. మిగిలిన మూడు కాళ్ళ కీళ్ళే ఆ బరువంతా మొయ్యాలి.

మళ్ళీ ప్రశ్న (అంబాజీపేట)

ఇవాళ పొద్దున్న దొడ్డికి వెళ్ళాడండి! పట్టాలు వేశాం, దోమతెర కట్టాం. మందు పూర్తిగా వేస్తే రాత్రి ఒక్కసారే లేచాడు. ఆఖరుగా ఒకటి. స్నానం ఎప్పుడు చేయించొచ్చు? మా వాడికి కాలువలో ఈదడం ప్రాణం, వదిలితే వెళ్ళిపోతాడు.

జవాబు (పశువైద్యుడు, తణుకు)

కుట్లు తీసేదాకా స్నానం లేదు. మురికయితే తడిగుడ్డతో కుట్లకి దూరంగా తుడవండి. బయటకి తీసుకెళ్ళడం దొడ్డికీ మూత్రానికీ మాత్రమే, గొలుసుతోనే, నాలుగు వారాల దాకా. గుమ్మానికి అడ్డంగా పలక పెట్టండి.

కాలువ మాట కుట్లు తీసిన రెండు వారాల తరవాత ఆలోచిద్దాం, అదీ కోత అంతటా మూసుకుని పొడిగా ఉంటేనే. నీళ్ళు జోరుగా వచ్చే రోజుల్లో వద్దు. మూడు కాళ్ళతో గట్టు ఎక్కలేడు. మొదటిసారి నడుము లోతు నీళ్ళలో మీరు దిగి, వాడికి తాడు కట్టి పట్టుకోండి. చేపల చెరువుల వైపు అసలు పోనివ్వకండి, వాటిలో మందులు కలుపుతారు. కుట్లు తీసిన రోజునే కోన్ విప్పెయ్యకుండా ఇంకో రెండు మూడు రోజులు ఉంచండి. దారం తీసిన చోట దురద పెడుతుంది, ఒక్క రాత్రి నాకినా పైచర్మం లేచిపోతుంది.