కడుపుతో ఉన్నప్పుడు వేసే టీకాలు, పిల్లల ఎదుగుదల: ఏళ్ల తరబడి చూసినవారు ఉన్నారా?

హసన్‌పర్తి వాసి (ప్రశ్న)

నా భార్యకు ఇప్పుడు ఆరో నెల. ఉపకేంద్రంలో ఏఎన్ఎం గారు పోయిన నెల టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే) సూది మొదటి మోతాదు వేసి, కార్డులో తేదీ రాసి ఇచ్చారు. హన్మకొండలో చూపించుకుంటున్న డాక్టరమ్మ మాత్రం, రెండో మోతాదు బదులు ఏడో నెలలో కోరింత దగ్గుకు కూడా పనిచేసే టీడాప్ వేయించుకుంటే మంచిదని, దానితోపాటు ఫ్లూ టీకా కూడా తీసుకోమని చెప్పారు.

మా అన్న కొడుకుకు నాలుగేళ్లు. ఇంకా మాటలు రాలేదు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఆటిజం అని నిర్ధారించారు. తాను కడుపుతో ఉన్నప్పుడు వేయించుకున్న సూదుల వల్లే ఇలా అయిందని మా వదిన గట్టిగా నమ్ముతోంది. మా కాలంలో ఏ సూదులు వేయించుకున్నామని మా అమ్మ ఆమెకు వంత పాడుతుంది. సూది వేసిన వారం పది రోజుల్లో ఏమీ కాదని అందరూ చెబుతారు. నేను అడిగేది అది కాదు. బిడ్డకు ఐదేళ్లు, ఏడేళ్లు వచ్చేదాకా మాట, నడవడిక, బుద్ధి వికాసం ఎలా ఉన్నాయో ఎవరైనా లెక్కగట్టి చూశారా?

నర్సంపేట సిస్టర్ (విశ్రాంత ఏఎన్ఎం)

మొదట మీ అమ్మగారి మాటకు జవాబు చెబుతాను. ఆ కాలంలో చాలా ఊళ్లలో కాన్పు ఇంట్లోనే జరిగేది. కొడవలితోనో, చేతికందిన బ్లేడుతోనో బొడ్డు కోసి, దానిపై బూడిదో పేడో రాసేవారు. మట్టిలో, పేడలో ఉండే ధనుర్వాత క్రిమి ఆ దారినే లోపలికి పోయేది. పుట్టి వారం తిరిగేసరికి బిడ్డ పాలు తాగడం మానేసేది, దవడలు బిగుసుకుపోయేవి, ఒళ్లు విల్లులా వంగిపోయేది. ఆ జబ్బుకు ధనుర్వాతమనే పేరు ఊరికే రాలేదు. తల్లులకు సూది వేయడం, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బొడ్డుకోత కలిసి ఆ జబ్బును ఎంతగా తగ్గించాయంటే, 2015లో మన దేశం తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది.

టీడీలో బతికున్న క్రిమి ఉండదు. విషగుణం తీసేసిన పదార్థం మాత్రమే ఉంటుంది. దానికి స్పందించి తల్లి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలు, అంటే జబ్బుతో పోరాడే పదార్థాలు, మాయ దాటి బిడ్డకు చేరి, పుట్టాక కొన్ని నెలలు కాపాడి తగ్గిపోతాయి. బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసే రుబెల్లా, ఆటలమ్మ టీకాలను మేము గర్భిణులకు వేయం. అవి గర్భానికి కనీసం నెల ముందే పూర్తి కావాలి.

లెక్కల మాస్టారు, కాజీపేట

గణాంకశాస్త్రం బోధించే వాడిని కాబట్టి మీ అసలు ప్రశ్నకు వస్తాను. మన దగ్గర దాదాపు ప్రతి గర్భిణీ టీటీనో (ధనుర్వాతానికి మాత్రమే వేసే పాత సూది) టీడీనో తీసుకుంటుంది. అందుకే అందరూ తీసుకున్నారు, ఏమీ కాలేదు అనే వాదన వినడానికి బాగున్నా నాకు పూర్తిగా నచ్చదు. తీసుకోనివారు లేనప్పుడు ఎవరితో పోల్చాలి? కొందరు తీసుకుని, కొందరు తీసుకోని చోట్ల చేసిన అధ్యయనాలే మనకు పనికొస్తాయి.

టీడాప్ విషయంలో దక్షిణ కాలిఫోర్నియాలో 2011 నుంచి 2014 వరకు పుట్టిన 81,993 మంది పిల్లలను చూశారు. తల్లి టీకా తీసుకున్న పిల్లల్లో ఆటిజం 1.5 శాతం, తీసుకోని వారి పిల్లల్లో 1.8 శాతం. దీన్నిబట్టి టీకా ఆటిజాన్ని తగ్గిస్తుందని నేను అనను. పెంచిన ఆధారం లేదని మాత్రం చెప్పవచ్చు.

ఫ్లూ టీకా కథ కాస్త చిక్కుగా ఉంటుంది, దాచకుండా చెబుతాను. ఉత్తర కాలిఫోర్నియాలో 2000 నుంచి 2010 వరకు పుట్టిన 1,96,929 మంది పిల్లలపై 2017లో వచ్చిన అధ్యయనంలో మొత్తం మీద సంబంధం కనబడలేదు గానీ, మొదటి మూడు నెలల్లో టీకా తీసుకున్నవారి పిల్లల్లో ఆటిజం కొద్దిగా ఎక్కువేమో అన్న సూచన కనబడింది. ఒకేసారి అనేక పోలికలు చేశారు కాబట్టి అది యాదృచ్ఛికం కావచ్చని రచయితలే రాశారు. ఎనుమాముల మార్కెట్లో ఒకే రైతు తెచ్చిన ఇరవై మిర్చి బస్తాల్లో విడివిడిగా చెయ్యి పెట్టి చూస్తే ఏదో ఒకదానిలో తేమ ఎక్కువన్నట్టు తోస్తుంది. రెండోసారి చూస్తే గానీ నిజం తేలదు. ఆ రెండో చూపు స్వీడన్ నుంచి వచ్చింది. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్) ఫ్లూ వ్యాపించినప్పుడు గర్భంలో ఉండగా తల్లికి టీకా పడిన 39,726 మంది పిల్లలను సగటున ఆరున్నరేళ్లకు పైగా గమనించారు. వారిలో ఆటిజం 1.0 శాతం, టీకా పడనివారిలో 1.1 శాతం. తల్లికి మొదటి మూడు నెలల్లోనే టీకా పడిన పిల్లలు వారిలో 13,845 మంది ఉన్నారు; వారిలోనూ ఆటిజం పెరుగుదల కనబడలేదు.

కరీంనగర్ పాఠకుడు

మాస్టారూ, చిన్న సూచనే అయినా సూచనే కదా. తీసుకోకపోతే ఆ దిగులే ఉండదు కదా?

లెక్కల మాస్టారు, కాజీపేట

తీసుకోకపోతే దిగులు పోదు, వేరే దిగులు వస్తుంది. తల్లికి వచ్చే జబ్బు బిడ్డ ఎదుగుదలను దెబ్బతీయగలదని 1941లోనే ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు గుర్తించాడు. గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చిన తల్లుల పిల్లలు కంటి శుక్లాలతో పుట్టడం ఆయన చూశాడు. వినికిడి లోపం, గుండె లోపాలు కూడా దానితో వస్తాయని తర్వాత స్పష్టమైంది. ఫ్లూ రుబెల్లా అంత క్రూరమైనది కాదు, కానీ కడుపుతో ఉన్నవారికి అది న్యుమోనియా దాకా ముదిరే అవకాశం మామూలు వారికంటే ఎక్కువ. కోరింత దగ్గు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: బిడ్డకు ఆ దగ్గుకు కూడా పనిచేసే మొదటి పెంటావాలెంట్ సూది పడేది ఆరో వారంలో, ఆ దగ్గు ప్రాణం తీసేది ఎక్కువగా మొదటి నెలల్లోనే. ఇక ప్రశ్న అడిగినవారి భార్యకు ఆరో నెల కాబట్టి మొదటి మూడు నెలల చర్చ ఆమెకు వర్తించదు.

సుబేదారి అమ్మ

నా పెద్దవాడికి ఆటిజం. రెండేళ్లపాటు నేనూ సూదినే తిట్టుకున్నాను, అంతకుముందు బొప్పాయిని, ఆ తర్వాత నా ఉద్యోగాన్ని. మీ వదినతో వాదించకండి. ఆమె అడుగుతున్నది సూది గురించి కాదు, తన తప్పేమిటని. ఆటిజంలో వంశపారంపర్య కారణాల వాటా పెద్దదని మా డాక్టరు చెప్పినప్పుడు ఊరట కలిగింది, అదే క్షణంలో చిన్నవాడి గురించి భయమూ పట్టుకుంది. సొంత తోబుట్టువులకు ఆ అవకాశం సుమారు ఐదింట ఒకటి. మీ బిడ్డ మీ అన్న కొడుకుకు సొంత తోబుట్టువు కాదు కాబట్టి అంత ఉండదు. అయినా ఏడాది నిండేసరికి పేరుకు తిరిగి చూస్తోందా, ఏడాదిన్నరకు వేలు పెట్టి చూపిస్తోందా అని గమనిస్తూ ఉండండి. అనుమానం వస్తే అంగన్‌వాడీకి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే బాల స్వాస్థ్య బృందానికి చెప్పండి. తొందరగా మొదలుపెట్టిన చికిత్స వల్ల మా చిన్నవాడు ఇప్పుడు వాక్యాలు మాట్లాడుతున్నాడు. పెద్దవాడికి ఆ రెండేళ్లు తిట్టుకోవడంలో పోయాయి.

హసన్‌పర్తి వాసి

అందరికీ కృతజ్ఞతలు. బుధవారం ఉపకేంద్రానికి వెళ్లి, రెండో టీడీ బదులు టీడాప్ వేయించుకుంటామని ఏఎన్ఎం గారికి చెప్పి, కార్డులో రాయించుకుంటాము. ఫ్లూ టీకా ఈ వారమే. మా అన్న కొడుకు విషయం వదినతో కాదు, ముందు అన్నతో మాట్లాడతాను. సుబేదారి అమ్మ గారూ, మీ పెద్దబాబుకు చికిత్స ఎక్కడ చేయిస్తున్నారో విడిగా చెప్పగలరా?