మిడ్ ఇంజిన్ కారు వేడెక్కుతోంది: తప్పు రేడియేటర్‌దా, ఎగ్జాస్ట్‌దా?

సాగర్‌నగర్ కుర్రాడు: ఇంటి షెడ్డులో నేను కట్టుకున్న రెండు సీట్ల కారులో ఇంజిన్ సీట్ల వెనక అడ్డంగా ఉంది, రేడియేటర్ ముందు ఉంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్తే ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దాటదు. తిరుగుదారిలో హైవే మీద హనుమంతవాక దగ్గర పది నిమిషాలు ఇరుక్కుంటే ఎర్రగీతను తాకుతుంది. రేడియేటర్‌ను ఇంజిన్ పక్కకు మార్చాలా, లేక ఎగ్జాస్ట్ గొట్టాలకు వేడి ఆపే పట్టీ చుట్టాలా?

కంచరపాలెం మావయ్య: రెండూ అక్కర్లేదు. నీరు వేడెక్కేదాకా రేడియేటర్‌కు పోనివ్వని ఆ కవాటం, అదే థర్మోస్టాట్, తీసి పారేయండి. విశాఖ ఎండలో నేను నడిపిన ప్రతి బండికీ అదే చేశాను.

గాజువాక గ్యారేజీ: మావయ్య గారూ, పూర్తిగా తెరుచుకున్న థర్మోస్టాట్ నీటికి పెద్ద అడ్డు కాదు. పైగా కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా అదే కాబట్టి, దాన్ని తీసేస్తే వేడి నీటిలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. పరుగులో చల్లగా ఉండి, నిలబడితేనే వేడెక్కుతోందంటే ముందుగా చూడవలసింది గాలి రాకపోకలను: ఫ్యాను, దాని కవరు, రేడియేటర్ దాటిన వేడిగాలి బయటికి పోయే దారి. రేడియేటర్‌ను వెనక్కి మారిస్తే ఎదురుగాలి లాభం పోతుంది, అది ఇంజిన్ వేడినే పీల్చుకుంటుంది. పట్టీ మాత్రం చుట్టవచ్చు.

షిప్‌యార్డ్ వెల్డర్: ఫ్యాను వైర్లు తారుమారు కాలేదు కదా? కాగితం ముక్క పెట్టి గాలి ఎటు పోతోందో చూడండి.

కంచరపాలెం మావయ్య: పట్టీ పేరు ఎత్తకండి. పోయిన ఏడాది మీరు చెప్పారనే చుట్టించాను. ఒక్క వానాకాలం గడిచాక విప్పితే, ఉప్పుగాలి తేమను పట్టుకుని కూర్చున్న ఆ పట్టీ కింద గొట్టం అప్పడంలా పెళపెళ విరిగి చేతికి వచ్చింది.

గాజువాక గ్యారేజీ: నేను చెప్పింది స్టెయిన్‌లెస్ గొట్టానికి. మీది మామూలు ఇనుము. చదవకుండా చేసినదానికి నా మీద పడితే ఎలా?

కంచరపాలెం మావయ్య: చదివాను, ఆ మాట మీరు రాయలేదు. అసలు సంగతి అది కాదు. నాలుగు గొట్టాలనూ సీట్ల వెనక గోడకూ ఇంజిన్‌కూ మధ్య జానెడు సందులో కుక్కమని ఈ కుర్రాడికి సలహా ఇచ్చిందెవరు? ఇంజిన్‌ను తిప్పి పెడితే ఆ వేడి వెనకనుంచే పోయేది. మీకు ఎగ్జాస్ట్ మోత కావాలి, నాకు ఇంటికి చేరే బండి కావాలి.

గాజువాక గ్యారేజీ: సలహా నాదే. గొట్టాలన్నీ సమాన పొడవుతో రావాలంటే అక్కడే చోటు దొరికింది. గేర్‌బాక్సుతో సహా ఇంజిన్‌ను వెనక్కి తిప్పితే ముందుకు ఒక గేరు, వెనక్కి ఐదు గేర్లు వస్తాయి, అది కూడా ఆలోచించండి. ఇంటికి చేరడమే ముఖ్యమైతే స్పోర్ట్స్ కారు ఎందుకండీ?

సాగర్‌నగర్ కుర్రాడు: ఫ్యాను సరిగానే తిరుగుతోంది. నిన్న ఇంజిన్ చల్లారాక రేడియేటర్ పైమూల మరను వదులు చేస్తే లోపల చిక్కుకున్న గాలి చాలాసేపు బుసకొట్టింది, తరువాత నురగ, ఆపైన పచ్చటి కూలెంట్ వచ్చాయి. ఇవాళ హనుమంతవాకలో ముల్లు ఎర్రగీతకు రెండు గీతల కింద ఆగిపోయింది. అయితే బండి ఆపిన పావుగంటకు కూడా సీట్ల వెనక గోడ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. దానికి కొంచెం సందు వదిలి అల్యూమినియం రేకు బిగిస్తున్నాను.

కంచరపాలెం మావయ్య: బిగించండి. థర్మోస్టాట్ కూడా తీయండి.