కొత్త బ్యాటరీ వేసినా పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదు: లోపం బ్యాటరీదా, రెక్టిఫైయర్‌దా?

తీరవాసి (భీమునిపట్నం):

అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి, బీఎస్-6 ఫ్యూయల్ ఇంజెక్షన్ మోడల్. కిక్ లేదు కాబట్టి సెల్ఫ్ ఒక్కటే ఆధారం. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున్నే బటన్ నొక్కితే సీటు కింద, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే రిలే టకటకమని కొట్టుకోవడమే తప్ప ఇంజిన్ తిరగడం లేదు. ఆ క్షణంలో మీటరు డిస్‌ప్లే కూడా ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. బ్యాటరీ పోయిందని మెకానిక్ చెబితే కొత్తది, 5 ఆంపియర్-అవర్‌ది, వేయించాను. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే వరస. ఇప్పుడు ఆయన ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ ప్లేటూ, ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫైయరూ రెండూ మార్చేద్దామంటున్నారు. లోపం ఏదో తేలకుండా అంత డబ్బు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు.

నా దగ్గరున్న మల్టీమీటర్‌తో చూసిన లెక్కలు ఇవి. రాత్రంతా నిలిపి ఉంచాక బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.1 వోల్టులు ఉంది. ఐడ్లింగ్‌లో 12.4 చూపిస్తోంది. 4,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినా 12.9 దాటడం లేదు. ఫాగ్ ల్యాంపుల వంటివేమీ లేవు గానీ హ్యాండిల్ మీద మొబైల్ చార్జర్ ఒకటి పెట్టించాను. ఇల్లు సముద్రానికి దగ్గర. బండిని తరచుగా వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తుంటాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరు.

మీటరు మాస్టారు:

తీరవాసి గారూ, మీరు లెక్కలతో సహా అడిగారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఇంజిన్ నాలుగు వేల మీద తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. 15 దాటితే వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పిందని అర్థం. మీది 12.9 దగ్గరే ఆగిపోతోందంటే బ్యాటరీకి అందవలసిన చార్జింగ్ అందడం లేదు. అలా అరకొర చార్జితో రోజుల తరబడి నడిచిన లెడ్-యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత చార్జి చేసినా అది పూర్వపు శక్తిని నిలుపుకోలేదు. అసలు లోపాన్ని వదిలేసి బ్యాటరీలు మారుస్తూ పోవడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలగాలన్న నిబంధన వచ్చింది కదా. 35 వాట్ల హ్యాలోజెన్ బల్బయితే అదొక్కటే దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపు, ఇంజెక్టర్, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) తోడవుతాయి. అందువల్ల చార్జింగ్‌లో చిన్న లోటున్నా, పాత కార్బ్యురేటర్ బండి నెట్టుకొచ్చినట్టు ఇది నెట్టుకురాలేదు.

ముందుగా బ్యాటరీ సంగతి తేల్చండి. దాన్ని బయటకు తీసి, 0.5 ఆంపియర్ల చార్జర్‌తో నిండా చార్జి చేసి, కొన్ని గంటలు అలాగే వదిలేసి చూడండి. 12.6 లేదా ఆపైన నిలిచి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే దిగువకు పడకపోతే బ్యాటరీ బాగున్నట్టే. ఆ తరువాత కాయిల్ ప్లేటు. చాలా బళ్లలో దాని నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి. వాటి కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) విప్పి ఏ రెండింటి మధ్య చూసినా ఒక ఓమ్‌కు లోపలే ఉండాలి. వాటిలో ఏ వైరుకూ ఇంజిన్ బాడీతో కంటిన్యుటీ (కరెంటు పారే కలయిక) ఉండకూడదు. కప్లర్ విప్పి ఉండగానే ఇంజిన్ నడిపి, మీటరును ఏసీలో పెట్టి చూస్తే మూడు జతలూ సమానంగా ఉండి, ఎక్సలేటర్ ఇస్తున్న కొద్దీ వోల్టేజి పెరగాలి. ఒక హెచ్చరిక: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి చూడమని కొందరు చెబుతారు. ఇంజెక్షన్ బండికి ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, ఈసీయూ దెబ్బతినవచ్చు.

తణుకు ఎలక్ట్రీషియన్:

మాస్టారు చెప్పినవన్నీ సరైన పరీక్షలే గానీ, వాటన్నిటికంటే ముందు చేయదగినది ఒకటుంది. బ్యాటరీ దగ్గర 12.9 అంటే కరెంటు పుట్టడం లేదని కావచ్చు, పుట్టినది దారిలో పోతున్నదని కావచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, ప్రెషర్ పంపుతో కడిగే బళ్లలో నేను ఎక్కువగా చూసేది రెండోదే. రెక్టిఫైయర్ కప్లర్‌ను ఊడదీయకుండా, వెనక వైపు నుంచి అవుట్‌పుట్ వైరు వెంబడి సన్నని పిన్నీసు దూర్చి, అది బాడీకి తగలకుండా చూసుకుంటూ దానికి మీటరు ఎర్ర ప్రోబు పెట్టండి. నల్ల ప్రోబును బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. మీటరు డీసీలో ఉండాలి, ఇంజిన్ నాలుగు వేల మీద తిరగాలి. అప్పుడు కనిపించేది ఆ దారిలో పోతున్న వోల్టేజి, 0.2కు మించకూడదు. ఎర్త్ వైపు కూడా రెక్టిఫైయర్ నల్ల వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య ఇలాగే చూడండి.

మొబైల్ చార్జర్‌ను ఇగ్నిషన్ వైరుకు కలిపారా, నేరుగా బ్యాటరీకి కలిపారా అన్నది కూడా తెలియాలి. తాళంచెవి బయటికి తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి చూడండి; బండి ఆగి ఉన్నప్పుడు కూడా కరెంటు ఎంత పోతోందో తెలుస్తుంది. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకండి.

తీరవాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. చార్జి చేసిన బ్యాటరీ 12.7 దగ్గర నిలిచింది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.6కు దిగింది. రెక్టిఫైయర్ దగ్గర 14.2 ఉంటే బ్యాటరీ దగ్గర అదే 12.9. ఎర్త్ వైపు పోతున్నది 0.1 మాత్రమే; ప్లస్ వైపు ఏకంగా 1.2. కప్లర్ విప్పి చూస్తే ఎర్ర వైరున్న గడి చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి, పిన్ను మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. వైరు తొడుగు కూడా రెండంగుళాల మేర బిరుసెక్కిపోయింది. తాళం తీసేశాక కూడా 38 మిల్లీఆంపియర్లు పోతున్నాయి. మొబైల్ చార్జర్ వైరు విప్పగానే అది 1కి పడిపోయింది.

కప్లర్‌ను వదిలేసి రెక్టిఫైయర్ నుంచి బ్యాటరీకి నేరుగా ఒక వైరు లాగేయమని మా వీధిలో ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

తణుకు ఎలక్ట్రీషియన్:

దొంగ దొరికాడు. ఆ పిన్ను గుండా 4, 5 ఆంపియర్లు పోతుంటే 1.2 వోల్టుల నష్టం అంటే 5, 6 వాట్ల వేడి ఆ చిన్న గడిలోనే పుడుతోందన్న మాట. ప్లాస్టిక్ మాడిందంటే అందుకే. రెక్టిఫైయరూ కాయిల్ ప్లేటూ మార్చి ఇదే కప్లర్‌ను మళ్లీ బిగించి ఉంటే కొత్త బ్యాటరీ కూడా పాతదాని దారే పట్టేది.

నేరుగా వైరు లాగడం తప్పు కాదు గానీ, చాలా బళ్లలో ఆ దారి మెయిన్ ఫ్యూజు గుండా వెళ్తుంది. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరిసి ఫ్రేముకు తగిలితే బ్యాటరీ శక్తంతా దాని గుండా పారి వైరింగ్ మొత్తం అంటుకోవచ్చు. కాబట్టి లాగితే బ్యాటరీకి దగ్గరలో, పాత ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అంతే విలువది పెట్టి లాగాలి. నన్నడిగితే ఆ అవసరమే లేదు. బిరుసెక్కిన మేర వైరు కత్తిరించి, అదే మందం వైరు అతుకు వేసి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, కొత్త కప్లర్‌లో కొత్త పిన్నును వైరుకు నొక్కి బిగించి (క్రింప్) పెట్టించండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మీ ఊరి ఉప్పుగాలికి నిలవదు.

మీటరు మాస్టారు:

ఆ మొబైల్ చార్జర్‌ను ఇగ్నిషన్ తరువాతి వైరుకు మార్పించుకోండి. 38 మిల్లీఆంపియర్లు రోజుకు దాదాపు 0.9 ఆంపియర్-అవర్. మీ 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండుగా ఉన్నా, బండి కదపకుండా వదిలితే వారం తిరగకుండానే ఖాళీ అవుతుంది. మీకు అసలు చార్జింగే సరిగా లేదు కాబట్టి ఒక్క రాత్రికే తేడా తెలిసింది.

ఇకపై సర్వీసింగ్‌లో సీటు కిందికి, రెక్టిఫైయర్ మీదికి, హ్యాండిల్ స్విచ్చుల మీదికి పంపు పెట్టవద్దని చెప్పండి. వానాకాలానికి ముందొకసారి కప్లర్లు విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక సిలికాన్ గ్రీజు కొద్దిగా పూసి బిగించండి. బ్యాటరీ టెర్మినళ్లకు వాజలీన్ చాలు. బోల్టు బిగించాకే పైన పూయాలి. ఇంజిన్ బాడీకి వచ్చే ఎర్త్ బోల్టు చాలామందికి గుర్తుకు రాదు. దాన్ని కూడా విప్పి, తుప్పు గీకి బిగించండి.

తీరవాసి:

కప్లరూ పిన్నూ మార్పించాను. ఇప్పుడు బ్యాటరీ దగ్గర 14.1 వస్తోంది, ప్లస్ దారిలో పోతున్నది 0.1. చార్జర్ వైరు ఇగ్నిషన్‌కు మారింది. కాయిల్ ప్లేటు జోలికి వెళ్లలేదు. ఎర్త్ బోల్టు మాత్రం తుప్పుతో బిగుసుకుపోయి ఇంకా రాలేదు. తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను, రేపు మళ్లీ చూస్తాను.