వాగ్దాన కార్డు పర్సులో ఉంది, ప్రార్థన మాత్రం నోట రావడం లేదు

జీడితోట (పలాస) అడిగిన ప్రశ్న

అందరికీ వందనాలు. మాది ఉద్దానం. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాస్తాను. ఏ రోజు ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, ఎవరు ఎన్ని కిలోల పప్పు ఒలిచారు, అంతా నా పుస్తకంలో ఉంటుంది. నా బైబిలు చదువు కూడా అచ్చం ఆ పుస్తకంలాగే తయారైంది, అందుకే ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

సంవత్సరంలో బైబిలంతా పూర్తిచేయాలని మా సంఘంలో గళ్ల కాగితం ఇస్తారు. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో. చదివిన గడిలో టిక్కు పెట్టాలి. పోయిన సంవత్సరం లేవీయకాండం 13వ అధ్యాయంలో కుష్ఠు మచ్చల దగ్గర ఆగిపోయాను. ఈ సంవత్సరం సంఖ్యాకాండంలో జనాభా లెక్కల దగ్గర. లెక్కలు రాసే నాకే ఆ లెక్కలు మింగుడు పడలేదు. చదివిన రోజుల్లో అయినా ఏమి చదివావని మధ్యాహ్నం ఎవరైనా అడిగితే చెప్పలేను. టిక్కు మాత్రం ఉంటుంది.

ఇక ప్రార్థన. మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట ప్రతి ఇంటికీ తెలుసు, కాబట్టి దాని గురించి పెద్దగా రాయను. నాలుగు గంటలు ఆయన పక్కన కూర్చుంటాను. ఆ నాలుగు గంటల్లో చేసే ప్రార్థన నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. నాన్నను స్వస్థపరచు, తమ్ముడికి ఉద్యోగం ఇవ్వు, అప్పు తీర్చు. రోజూ అవే మాటలు, అదే వరుస.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దాన కార్డు నా పర్సులో ఉంది. యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". ఆ రాత్రి ఏడ్చాను, సంతోషంతో. ఫిబ్రవరిలో నాన్నకు డయాలసిస్ మొదలైంది. ఇప్పుడు ఆ కార్డు చూస్తే కోపం వస్తోంది, కోపం వచ్చినందుకు భయం వేస్తోంది. పాస్టరు గారితో చెప్పడానికి మొహమాటం.

విశ్వాసంలో ఎదగడం అంటే ఏమిటి? ఎలా చదవాలి, ఎలా ప్రార్థించాలి? ఇంకా ఎక్కువ చదువు, ఇంకా ఎక్కువ ప్రార్థించు అని మాత్రం చెప్పకండి, దయచేసి.

వేకువ గంట

సోదరీ, వందనాలు. వాగ్దానం నెరవేరలేదంటే లోపం వాగ్దానంలో ఉండదు, మన విశ్వాసంలో ఉంటుంది. 21 రోజులు ఉపవాసముండి వేకువన నాలుగు గంటలకు లేచి ప్రార్థించండి. సందేహించకుండా అడగండి. మీ నాన్నగారు లేచి నడుస్తారు.

పాత తపాలా (టెక్కలి)

అమ్మా, నేను పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి విరమించినవాడిని. పాస్టరును కాను, బైబిలు కళాశాల గుమ్మం తొక్కలేదు. నాకు తెలిసింది ఉత్తరాలు. అందుకని ఉత్తరాల సంగతే చెబుతాను.

ముందు పై సోదరుడికి ఒక మాట. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లులాంటి బాధను తీసివేయమని దేవుణ్ణి ముమ్మారు వేడుకున్నాడు, రెండో కొరింథీ పత్రిక 12వ అధ్యాయం. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం తక్కువైందని మీరు అనగలిగితే ఈ అమ్మాయితో కూడా అనండి. డయాలసిస్ వార్డులో కూర్చుని ఉన్న మనిషితో ఉపవాసం ఉండమంటారా? ఆమె తిన్నదో లేదో ముందు అడగాలి.

ఇప్పుడు కార్డు సంగతి. ఫోన్లు రాకముందు నౌపడ ఉప్పు మడుల గట్ల మీద సైకిలు తొక్కుతూ తీరం వెంట ఊళ్లకు ఉత్తరాలు తీసుకువెళ్లేవాడిని. మగవాళ్లు చాలామంది గుజరాత్‌లో వేరావల్ వైపు పడవల మీద పనికి వెళ్లేవారు. అక్కడి నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. చదువు రాని ఆడవాళ్లు నన్నే చదివిపెట్టమనేవారు. వాళ్లు వినే తీరు నాకు బాగా గుర్తుంది. మొదట మాట్లాడకుండా చివరిదాకా వినేవారు. రెండోసారి చదవమనేవారు. అప్పుడు ప్రశ్నలు. తేదీ ఎప్పుడు వేశాడు? ఎవరి చేత రాయించాడు? డబ్బు సంగతి ముందు రాశాడా, పిల్లల సంగతి ముందు రాశాడా? "వస్తాను" అన్నాడా, "రావాలని ఉంది" అన్నాడా? ఈ చివరి ప్రశ్న అడిగిన ఆవిడకు అక్షరం ముక్క రాదు. అంత నిశితంగా బైబిలు చదివేవారిని నేను మా సంఘంలో చూడలేదు, నాతో కలిపి.

మీ కార్డు మీద ఉన్నది ఒక ఉత్తరంలోని ఒక్క వాక్యం తల్లీ. ఎవరో కత్తిరించి, పూల బొమ్మ వేసి మీ చేతిలో పెట్టారు. 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవండి. అది యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకు చెరపట్టబడి పోయిన తన జనానికి రాసిన పత్రిక. తీసుకువెళ్లినవాళ్ల పేర్లు కూడా మూడో వచనంలో ఉన్నాయి: ఎల్యాశా, గెమర్యా. అవి చూసిన రోజు నాకు ఎంత సంతోషమో! మా పనివాళ్ల పేర్లు బైబిలులో ఉన్నాయని ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఉత్తరం ఏమంటోంది? ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం కోసమే ప్రార్థన చేయండి. పదో వచనంలో డెబ్బయి ఏళ్లు అని లెక్క చెబుతుంది. ఆ తరువాతే మీ కార్డులోని పదకొండో వచనం. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని చెప్పి, బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచేశాడు. జనానికి ఎవరి మాట తియ్యగా ఉండి ఉంటుందో ఊహించండి. యిర్మీయా ఉత్తరం అందాక బబులోను నుంచి షెమయా అనే అతను, ఇలాంటివాడిని ఎందుకు మందలించలేదని యెరూషలేములో ఉన్న యాజకుడికి పిటిషన్ పెట్టాడు. కాబట్టి ఆ ఉత్తరం చూసి కోపం వచ్చింది మీకు ఒక్కరికే కాదు.

ఇలా చదివితే మీ నాన్నగారి జబ్బు నయమవుతుందని నేను చెప్పను. ఆ వాక్యం మీకు అబద్ధం చెప్పలేదని మాత్రం తెలుస్తుంది. అది చెరలో ఉన్నవాళ్లకు, చెరలో ఉండగానే చెప్పిన మాట.

గళ్ల కాగితం పక్కన పెట్టండి. కొత్త నిబంధనలోని 27 పుస్తకాల్లో 21 ఉత్తరాలే. ఫిలేమోనుకు రాసిన పత్రికతో మొదలుపెట్టండి. 25 వచనాలు, అయిదు నిమిషాలు. వారమంతా అదొక్కటే చదవండి. ఎవరు రాశారు, ఎక్కడి నుంచి, ఎవరికి, ఏమి అడుగుతున్నాడు, ఏమి అడగకుండా సూచిస్తున్నాడు. పందొమ్మిదో వచనంలో పౌలు కలం తన చేతిలోకి తీసుకుని బాకీ నేను తీరుస్తానని రాస్తాడు. లెక్కలు రాసే మీకు అది నాకంటే బాగా అర్థమవుతుంది.

ప్రార్థన గురించి నాకు తెలిసింది కొద్దిగా. ఆ ఆడవాళ్లు ఉత్తరం వినగానే ఆలస్యం చేయకుండా జవాబు చెప్పి రాయించేవారు. ఆయన వాన గురించి రాస్తే వీళ్లు వాన గురించే మొదలుపెట్టేవారు. రాసిన దానికి జవాబు, ఆ తరువాత తమ సంగతులు. మనం చదివేది ఒకటి, ప్రార్థించేది వేరొకటి. చదివిన దానికే జవాబు చెప్పి చూడండి. కోపం వస్తే ఆ కోపమే జవాబు.

కోట వీధి టీచరు (విజయనగరం)

పాత తపాలా గారూ, మీ జాబు మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. కానీ ఒక చోట మీతో ఏకీభవించలేను. ఉత్తరమంతా చదివే ఓపిక మనిషికి అన్ని రోజుల్లోనూ ఉండదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నేను చదివింది 13వ కీర్తన మొదటి వచనం మాత్రమే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే, అయినా రెండోదానికి వెళ్లలేకపోయాను. ఒక్క వాక్యం పట్టుకుని వేలాడేవాళ్లను తక్కువ చేయకండి. కార్డు కూడా పనికొస్తుంది.

జీడితోట గారూ, కోపం గురించి భయపడవద్దు. 88వ కీర్తన చివరిదాకా చదవండి. ఫిర్యాదుతో మొదలయ్యే కీర్తనలు చాలావరకు స్తుతితో ముగుస్తాయి. ఇది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఆ కీర్తనను ఎవరూ తీసివేయలేదు, చివర ఒక స్తోత్రం అతికించనూ లేదు.

ఇంకొకటి, తెలుగు చెప్పేదాన్ని కాబట్టి ఊరుకోలేను. మీ ప్రార్థన ఎందుకు మొద్దుబారిందో నాకు ఒక అనుమానం ఉంది. "స్వస్థపరచుము, దయచేయుము, కటాక్షించుము" అని ప్రార్థిస్తున్నారా? బైబిలు భాష చదవడానికి గంభీరంగా ఉంటుంది, నాకు ఎంతో ఇష్టం. కానీ అది మనం అన్నం పెట్టమని అడిగే భాష కాదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆయన గడ్డ మీద పుట్టి దేవుడితో గ్రాంథికంలో మాట్లాడతారా? మీ నాన్నతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడి చూడండి. మొదట సిగ్గుగా ఉంటుంది. నాకు రెండు వారాలు పట్టింది.

పాత తపాలా (టెక్కలి)

టీచరు గారూ, ఒప్పుకుంటున్నాను. మీరన్నాక గుర్తొచ్చింది. ఒక ఆవిడ ఏమీ రాయించకుండా కార్డు మీద వేలిముద్ర వేసి ఇచ్చేది. చిరునామా నేను రాసేవాడిని. ఇదేమిటమ్మా అంటే, నా వేలు ఆయనకు తెలుసులే అనేది. అవి కూడా చేరేవి.

రోమా పత్రిక 8:26లో "ఉచ్చరింపశక్యముకాని మూలుగులు" అని ఉన్నది బహుశా ఇదే.

వేకువ గంట

నేను కఠినంగా రాశానేమో. ఉపవాస ప్రార్థన వల్ల మా ఇంట్లో మేలు జరిగింది, అందుకే చెప్పాను. తమ్ముడి ఉద్యోగం కోసం, నాన్నగారి కోసం ప్రార్థిస్తున్నాను సోదరీ.

జీడితోట (పలాస)

మూడు వారాలకు మళ్లీ రాస్తున్నాను. వేకువ గంట గారూ, మనసులో ఏమీ పెట్టుకోలేదు.

గళ్ల కాగితం చింపలేదు, దాచాను. ఫిలేమోను పత్రిక వారం రోజులు చదివాను. ఫిలేమోనును విడిచి వచ్చిన దాసుడు ఒనేసిము, పౌలు ఆ యజమానికే రాసిన ఉత్తరంతో ఆయన దగ్గరకు తిరిగి నడిచి వెళ్లి ఉంటాడని మూడో రోజుకు గాని నాకు తట్టలేదు. దారిలో ఎన్నిసార్లు వెనక్కు తిరగాలనిపించి ఉంటుందో. ఫిలేమోను ఏమి జవాబిచ్చాడో బైబిలులో ఎక్కడైనా ఉందా అని వెతికాను, లేదు.

తరువాత యిర్మీయా ఉత్తరం. డయాలసిస్ జరుగుతుండగా నాన్నకు మెల్లగా చదివి వినిపించాను. పక్క మంచం ఆయన కూడా తల ఇటు తిప్పారు. నాన్న వింటూ వింటూ డెబ్బయి ఏళ్ల దగ్గర ఆపమన్నారు. "అంటే విన్న పెద్దవాళ్లెవరూ తిరిగి వెళ్లలేదన్న మాట" అన్నారు. నాకు ఏమి చెప్పాలో తెలియలేదు. కాసేపాగి, "తోటలు నాటమన్నది మళ్లీ చదువు" అన్నారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా తోటలో నిలిచినవి నాలుగు కొబ్బరి చెట్లు, ఒక పనస. జీడి చెట్లన్నీ వేళ్లతో సహా పైకి లేచాయి. నాన్న నెల రోజులు తోట వైపే వెళ్లలేదు. ఆ తరువాత ఒక పొద్దున ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. ఎందుకు, ఎవరు తింటారు అని అమ్మ అరిచింది. ఆయన జవాబు చెప్పలేదు. నేను ఆ వచనాలు మళ్లీ చదివాను. నాన్న కళ్లు మూసుకున్నారు, నిద్రపోయారనుకున్నాను.

నిద్రపోలేదు. జవాబు రాయమన్నారు. పాత తపాలా గారి ఆడవాళ్ల సంగతి అంతకుముందే చెప్పి ఉన్నాను. నా దగ్గర వేరే కాగితం లేక లెక్కల పుస్తకం చివరి పేజీలో రాశాను. టీచరు గారూ, ఒక్క "ము" కూడా లేదు. ఇదిగో నాన్న చెప్పింది, చెప్పినట్టే:

"తోట వేశాను. జీడి కాపుకు వచ్చింది, పిక్క చిన్నది. పనస బాగుంది. కాలువ వైపు కొబ్బరి మొక్కలు మూడింటికి ఎర్రముక్కు పురుగు పట్టింది, మొవ్వు వాడిపోతోంది. మందు పెట్టడానికి నేను వెళ్లలేకపోతున్నాను. పిల్లవాడికి చేతకావడం లేదు."

ఆరోగ్యం సంగతి కూడా రాయనా నాన్నా అని అడిగాను.

"అది ఆయన చూస్తూనే ఉన్నాడు కదా, ముందు పురుగు సంగతి రాయి" అన్నారు.