పదిహేడేళ్లు దుబాయ్‌లో ఉన్నావిడకి ఆ ఊరు ఎందుకు తెలియలేదు?

బడి_ఆఫీసు_దుబాయ్ (చర్చ మొదలుపెట్టినవారు)

నేను దుబాయ్‌లో ఒక ప్రైవేటు స్కూల్ ఆఫీసులో పనిచేస్తాను. మొన్న జూన్‌లో స్కాట్లండ్ టీచరమ్మ ఒకావిడ రిటైరై వెళ్లిపోయారు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు లెక్క, అదే ఆవిడ సెటిల్‌మెంట్ కాగితం, తయారుచేసింది నేనే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. పదిహేడేళ్లకు 465 రోజులు తేలింది. ఆవిడ సంతకం పెట్టి, పెన్ను చేతిలోనే ఉంచుకుని ఆ అంకె వైపు చాలాసేపు చూశారు. తర్వాత మెల్లిగా అన్నారు: "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎమిరాటీల (ఇక్కడి సొంత పౌరుల) ఇంట్లో అడుగు పెట్టలేదు. నన్నెవరూ పిలవలేదు. నేనూ ఎవరినీ పిలవలేదు."

ఆ మాట నన్ను వదలడం లేదు. ఆవిడ పొగరుబోతు మనిషి కాదు. మా నాన్న పోయినప్పుడు నేనుండే కరామా ఫ్లాట్‌కి వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నారు. కానీ ఆవిడ వారం మొత్తం నాకు తెలుసు. పొద్దున ఆరున్నరకి స్కూలు, సాయంత్రం విల్లా, సెలవు రోజు హోటల్లో బ్రంచ్, తర్వాత బీచ్. 2022 జనవరిలో సెలవులు శనాదివారాలకు మారితే బ్రంచ్ శుక్రవారం నుంచి శనివారానికి జరిగింది, అంతే. వచ్చిన అరబిక్ నాలుగు మాటలు: యల్లా, హబీబీ, ఇన్షా అల్లా, షుక్రాన్.

పాశ్చాత్యులు గల్ఫ్‌లో ఇలా తమలో తామే బతకడం వాళ్ల తప్పా, ఆ దేశాల పద్ధతి తప్పా? నా అభిప్రాయం ముందే చెప్తాను. తప్పు ఎక్కువగా పద్ధతిదే. ఉద్యోగం ఉన్నంతవరకే వీసా. 2019 నుంచి గోల్డెన్ వీసా వచ్చినా అది అందరికీ దొరకదు, దొరికినా పౌరసత్వం కాదు. ఎప్పుడో ఒకప్పుడు పెట్టె సర్దుకోవాల్సిందే అని తెలిసినవాళ్లు ఆ నేలలో వేళ్లు దింపుకుంటారా?

జగిత్యాల_ఏసీ_మెకానిక్

అన్నా, ఈ మాట నేను ఒప్పుకోను. వీసా మాకూ పనితోనే ముడి. అకామా (ఉండటానికిచ్చే కార్డు) కఫీల్ (మమ్మల్ని తెచ్చుకున్న యజమాని) చేతిలో ఉండేది. ఆవిడకన్నా మాకే భయం ఎక్కువ. అయినా రెండేళ్లలో అరబిక్ నేర్చుకున్నాం. మా రూమ్‌లో పదో తరగతి తప్పినవాడు కూడా కఫీల్‌తో జీతం గురించి అరబిక్‌లో కొట్లాడేవాడు. ఉండే ఊరు కాదు కాబట్టి నేర్చుకోలేదు అంటే, మేమెట్ల నేర్చుకున్నాం?

నేను రియాద్‌లో ఒక కాంపౌండ్‌లో ఎనిమిదేళ్లు ఏసీలు బాగుచేశాను. అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్లు, ఫ్రెంచ్‌వాళ్లు ఉండేవారు. గేటు దగ్గర సిమెంటు దిమ్మెలు, సైనికులు, అద్దంతో కారు కింద చూసేవాళ్లు. లోపల స్విమ్మింగ్ పూల్, చిన్న సూపర్ మార్కెట్, పిల్లల సైకిళ్లు. బయట ఆడవాళ్లు కారు నడపకూడదు, లోపల నడిపేవాళ్లు. 2018 జూన్‌లో బయట కూడా అనుమతి వచ్చింది, అంతకు ముందు వాళ్లు షాపింగ్‌కి పోవాలంటే కాంపౌండ్ బస్సే. డిసెంబరులో కర్టెన్లు దగ్గరికి లాగి లోపల క్రిస్మస్ చెట్టు పెట్టుకునేవాళ్లు.

ఒకటి మాత్రం నిజం చెప్పాలి. 2003 మేలో రియాద్ కాంపౌండ్ల మీద బాంబు దాడులు జరిగాయి. ఆ తర్వాత గోడ ఎత్తు పెరిగిందంటే నేను తప్పు పట్టను. కానీ గోడ దాటి మా దాకా కూడా రాలేదు కదా. ఎనిమిదేళ్లు ఇంటింటికీ తిరిగాను. నా ఊరి పేరు అడిగినవాళ్లు ఇద్దరే.

గుంటూరు_అబూదాబి

అందరూ "వాళ్లు, వాళ్లు" అంటున్నారు. అందులో నేనూ ఒకణ్ణని ఒప్పుకుని మాట్లాడతాను.

పుట్టింది గుంటూరు. చదువు, పౌరసత్వం అమెరికా. తొమ్మిదేళ్ల క్రితం అబూదాబి వచ్చినప్పుడు నాకు ఇల్లు, పిల్లల ఫీజులు, ఏడాదికోసారి అమెరికా టికెట్లు ఇచ్చారు. నా పక్క సీట్లో హైదరాబాద్ అబ్బాయి. అదే డిగ్రీ, అదే పని, నాకన్నా మూడేళ్ల అనుభవం ఎక్కువ. అతనికి జీతం తక్కువ, పిల్లల ఫీజులు లేవు. తేడా అంతా పాస్‌పోర్ట్ రంగే. ఇది తెలిసిన రోజు అతనితో కలిసి లంచ్ చేయలేకపోయాను. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇక భాష. మా పిల్లల స్కూల్లో అరబిక్ తప్పనిసరి సబ్జెక్టు. నా కూతురు అరబిక్ చక్కగా చదువుతుంది, రాస్తుంది. మాట్లాడటం మాత్రం రాదు. ఎవరితో మాట్లాడాలి? ఈ దేశంలో పది మందిలో దాదాపు తొమ్మిది మంది బయటివాళ్లే. టాక్సీలో ఉర్దూ, కిరాణాలో మలయాళం, ఆఫీసులో ఇంగ్లిష్. అరబిక్ అవసరమయ్యేలా ఈ ఊరు నన్ను ఒక్క రోజు కూడా నిలదీయలేదు. జగిత్యాల అన్నగారూ, మీరు నేర్చుకున్నది మీ జీతం ఆ భాషలో ఉంది కాబట్టి. నా జీతం ఇంగ్లిష్‌లో ఉంది. ఇది సమర్థన కాదు, జరిగిన సంగతి.

అల్_ఐన్_నర్సు

అవసరం లేకపోతే నేర్చుకోరు అనేది పూర్తిగా నిజం కాదు. నేను పద్నాలుగేళ్లుగా అబూదాబి ఎమిరేట్‌లోని అల్ ఐన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఏ ముసలావిడని అడిగినా "కనద్" పేరు చెప్తుంది. కెన్నెడీ అనే పేరు ఇక్కడివాళ్ల నోట్లో అలా మారింది. పాట్, మరియన్ కెన్నెడీ అనే అమెరికన్ డాక్టర్ దంపతులు తర్వాత యూఏఈ మొదటి అధ్యక్షుడైన షేక్ జాయెద్ పిలుపు మీద 1960లో ఇక్కడికి వచ్చారు. అప్పుడు చమురు డబ్బు లేదు. మట్టి ఇటుకల ఇంట్లో ఆస్పత్రి మొదలుపెట్టారు. పుట్టిన పిల్లలు చేతికి దక్కడమే కష్టంగా ఉన్న కాలం. 2019లో ఆ ఆస్పత్రి పేరునే కనద్ అని మార్చారు. వాళ్లూ పాశ్చాత్యులే, వాళ్లకీ ఇది సొంత దేశం కాదు.

వార్డులో ఇప్పుడూ చూస్తుంటాను. యూరప్ నుంచి వచ్చిన డాక్టర్లలో కొందరు రోగి చెయ్యి పట్టుకుని "ఎక్కడ నొప్పి?" అని అరబిక్‌లోనే అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకే ముసలావిడ ముఖం మారిపోతుంది. కొందరు పదేళ్లైనా నా వైపు తిరిగి "ఏమంటోంది?" అంటారు. ఇద్దరిదీ ఒకే వీసా, ఒకే జీతం. కాబట్టి మనిషి ఇష్టం కూడా ఉంది. అంతా పద్ధతి మీదకి నెట్టేయకండి.

బడి_ఆఫీసు_దుబాయ్

నర్సు గారూ, కనద్ సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. కానీ వాళ్లు వచ్చిన అల్ ఐన్ వేరు. అప్పుడు ఇంగ్లిష్ మాట్లాడే ఊరు ఇంకొకటి పక్కనే కట్టి లేదు. చమురు క్యాంపుల్లో మాత్రం మొదటి నుంచీ గీతలు ఉన్నాయి. సౌదీలోని దహ్రాన్‌లో 1938లో చమురు పడ్డాక అమెరికన్లకు కంచె లోపల చెట్లు, పచ్చిక ఉన్న వేరే కాలనీ. సౌదీ కార్మికులకు వేరే క్యాంపు. 1953లో సౌదీ కార్మికులే సమ్మె చేశారు, తమ బతుకుకీ వాళ్ల బతుకుకీ ఉన్న తేడా కళ్ల ముందే కనబడుతుంటే ఊరుకుంటారా? మా టీచరమ్మ ఉండే విల్లాల కాలనీ చూస్తే నాకు ఆ క్యాంపే గుర్తొస్తుంది. ఆవిడ ఆ కాలనీ కట్టలేదు. దిగిన రోజే తాళాలు చేతిలో పెట్టారు.

జగిత్యాల_ఏసీ_మెకానిక్

తాళాలు ఇచ్చారు, నిజమే. మాకూ దుబాయ్ సోనాపూర్ లాంటి కూలీల క్యాంపులో మంచం చూపించారు, ఒక్క రూమ్‌లో పన్నెండు మంది. మేము ఆ మంచం దాటి బయటకు రావడానికి సెలవు లేదు, డబ్బు లేదు. ఆవిడకు కారుంది, సెలవుంది, డబ్బుంది. రాగలిగి రాకపోవడం, రాలేక రాకపోవడం రెండూ ఒకటి చేయకండి అన్నా. నాకు ఆవిడ మీద కోపం లేదు. మీ నాన్న పోతే చాప మీద కూర్చున్న మనిషి మంచిదే అయి ఉంటుంది. కానీ ఆవిడ బాధకి ఇంత చర్చ పెట్టారు. ఇరవై ఏళ్లు పనిచేసి 'ఖల్లీవల్లీ' అయిపోయి (కఫీల్‌ని వదిలి కాగితాల్లేకుండా మిగిలి), ఔట్‌పాస్ (ఎంబసీ ఇచ్చే తిరుగు ప్రయాణ కాగితం) మీద తిరిగొచ్చిన మా మేనమామ బాధ గురించి ఎవరూ చర్చ మొదలుపెట్టరు.

గుంటూరు_అబూదాబి

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది అన్నా. మీరు మొదలుపెట్టండి, నేను వచ్చి చదువుతాను, నాకు తెలిసినంతలో రాస్తాను.

కోనసీమ_కువైట్

అందరివీ చదివానండి. నేను 20 నంబర్ వీసా (ఇంటి పనివాళ్ల వీసా) మీద కువైట్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్లు చేశానండి. అరబిక్ ఆరు నెలల్లో వచ్చేసింది. రాకపోతే ఎలాగండి, ఉప్పు అడిగితే పంచదార ఇచ్చానని తిట్లు పడేవి. మగవాళ్ల దివానియాకి (కూర్చుని మాట్లాడుకునే గదికి) టీ పంపేదాన్ని, ఆడవాళ్ల గదిలో ఘావా (అరబ్బుల కాఫీ) పోసేదాన్ని. ఆ ఇంటి పెళ్లి సంబంధాలు, అప్పులు, అలకలు అన్నీ నాకు తెలుసండి. కానీ ఆ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. మీ టీచరమ్మ గారు ఇంట్లోకే వెళ్లలేదు అంటున్నారు. వెళ్లినా తెలుస్తుందని చెప్పలేనండి.

ఒకసారి మా సార్ ఆఫీసులో పనిచేసే ఆయన భార్య వచ్చిందండి, తెల్లావిడ. ఘావా పోశాను. చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తాం, యాలకుల వాసన వస్తుంది, చేదుగా ఉంటుంది. చాలు అనాలంటే కప్పుని మణికట్టుతో అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే మళ్లీ పోస్తాం. ఆవిడకి తెలియదు పాపం. తాగి కప్పు ముందుకు చాపుతుంది, నేను పోస్తాను. మళ్లీ చాపుతుంది, మళ్లీ పోస్తాను. ఆరోసారికి ఆవిడ కళ్లలో నీళ్లు వచ్చేలా ఉన్నాయి. ఇంటివాళ్లు మర్యాదకి ఏమీ అనడం లేదు. నేను దల్లా (కాఫీ కూజా) ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి వాళ్లకి కనబడకుండా కిందకి దించి, మణికట్టు రెండుసార్లు ఊపి చూపించానండి. ఆవిడ చూసింది. అలాగే ఊపింది. నేను కప్పు తీసుకున్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నువ్వొచ్చి ఎన్నేళ్లయింది అని చేతి వేళ్లు చూపించి అడిగిందండి. నేను ఐదు చూపించాను. ఆవిడ తనవి ఏడు చూపించింది.