41 ఏళ్ళకు స్కోలియోసిస్ ఆపరేషన్: చేయించుకున్నవాళ్ళూ, వద్దనుకున్నవాళ్ళూ చెప్పండి

వంకరగీత:
అందరికీ నమస్కారం. నాకు 41. వెన్ను వంకర, అదే స్కోలియోసిస్, పదమూడో ఏట బయటపడింది. బ్రేస్, అంటే వెన్నును పట్టి ఉంచే గట్టి పట్టీ, ఇచ్చారు. ఇంట్లోంచి వేసుకుని బయల్దేరి, బడి గేటు దాటగానే విప్పి సంచిలో కుక్కేసేదాన్ని. ఎదుగుదల ఆగాక చూసిన డాక్టర్ "38 డిగ్రీలు, ఇక పెద్దగా పెరగదు, మర్చిపో" అన్నారు. చెప్పినట్టే పాతికేళ్ళు మర్చిపోయాను.

రెండేళ్ళుగా మళ్ళీ గుర్తు చేస్తోంది. ఇరవై నిమిషాలు నిలబడితే నడుం పట్టేస్తుంది, కుడి కాల్లోకి జివ్వుమని లాగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. రాత్రి నిద్ర బాగానే పడుతుంది. మొన్న తీసిన ఎక్స్‌రేలో నడుం దగ్గరి వంపు 54 అని వచ్చింది.

ఇద్దరు సర్జన్లకు చూపించాను. ఒకాయన టీ10 పూస (ఛాతీ భాగంలో పదోది) నుంచి కటి ఎముక దాకా స్క్రూలు, రాడ్లు వేసి పూసలన్నీ ఒకటిగా కలిపేద్దాం, వయసు మీద పడితే ఇంకా కష్టం అన్నారు. ఇంకొకావిడ "నీ పనులు నువ్వు చేసుకోగలిగినన్నాళ్ళు దాని జోలికి పోకు" అన్నారు. ఎక్స్‌రే ఒకటే, మాటలు రెండు. ఇంట్లో ఎవరిని అడిగినా "నీ ఇష్టం" అంటున్నారు. ఆ మాట వింటే ఇంకా టెన్షన్. మీకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి.

టైటానియం వెన్ను:
గీత గారూ, నేను 46కి చేయించుకున్నాను, నాలుగేళ్ళయింది. నాదీ టీ10 నుంచి కటి దాకానే. 61 ఉన్నది 26కి వచ్చింది. ఎత్తు మూడు సెంటీమీటర్లు పెరిగాను, అది బోనస్సు.

ముందు మంచి మాట. కాలు లాగడం పోయింది. గంటసేపు నిలబడి పని చేసుకుంటాను. అంతకు ముందు ఏ గదిలోకి వెళ్ళినా మనుషుల కంటే ముందు కుర్చీ ఎక్కడుందో చూసేదాన్ని.

ఇప్పుడు ఎవరూ చెప్పని మాట. నడుం ఇక వంగదు. తుంటి దగ్గర వంగుతాను, మోకాళ్ళ దగ్గర వంగుతాను, మధ్యలోదంతా ఒకటే పలక. సాక్సు వేసుకోవాలంటే రెండు తాళ్ళున్న ప్లాస్టిక్ డొప్ప ఒకటి ఉంటుంది. సాక్సును దానికి తొడిగి, నేలమీద వదిలి, కాలు దూర్చి, తాళ్ళు పట్టుకుని పైకి లాగాలి. మొదటిరోజు ఒక్క సాక్సుకి పావుగంట పట్టింది. టాయిలెట్లో శుభ్రం చేసుకోవడం కూడా మళ్ళీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. సిగ్గుపడి ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను.

కటి దాకా వెళ్ళడం తప్పదా, కింది ఒకటి రెండు పూసలు వదిలేయొచ్చా అని మీ సర్జన్‌ని అడగండి. కింది డిస్కు అరిగిపోయి ఉంటే వదిలేసి లాభం లేదంటారు, నాకు అలాగే అయింది. కానీ అడగాలి. ఛాతీ భాగం వరకే కలిపినవాళ్ళకు ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

వంకరగీత:
చాలా థాంక్స్ అండీ. టాయిలెట్ సంగతి ఇద్దరు సర్జన్లలో ఒక్కరూ ఎత్తలేదు. (గీత నా పేరు కాదు, ఎక్స్‌రేలో ఆ వంకర గీత. కానీ అలాగే పిలవండి, బాగుంది.)

ఆలోచిద్దాంలే:
నేను వద్దనుకున్న బ్యాచ్. వయసు 53, ఛాతీ భాగంలో 52 డిగ్రీలు. పన్నెండేళ్ళ కిందట 49. సర్జన్ అప్పుడే తేదీ ఇస్తానన్నారు, నేను "ఆలోచిస్తా" అన్నాను, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

నాకు తెలిసిన లెక్క ఇది. ఎదుగుదల ఆగేసరికి 30 లోపు ఉన్న వంపు సాధారణంగా అక్కడే ఉండిపోతుంది. 50 దాటినవి సగటున ఏడాదికి డిగ్రీ చొప్పున పెరుగుతుంటాయి. సగటే సుమా, కొందరికి అసలు కదలదు. ఇంకోటి, కాబ్ యాంగిల్ (ఈ డిగ్రీల లెక్క పేరు అదే) కొలవడంలోనే 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది, ఒకే ఫిల్మ్‌ని ఇద్దరు కొలిచినా సరే. అందుకని 49 నుంచి 52 అయ్యిందంటే నాకది పెరిగినట్టే కాదు. మీ 38, 54 మధ్య తేడా మాత్రం నిజమైనదే. అయితే అది పాతికేళ్ళలో వచ్చిందా, ఈ మూడేళ్ళలో వచ్చిందా? అసలు ప్రశ్న అదే. మధ్యలో తీయించిన ఎక్స్‌రే ఏదైనా ఉంటే వెతకండి.

అమెరికాలోని అయోవాలో వైద్యం చేయించుకోని స్కోలియోసిస్ వాళ్ళను 50 ఏళ్ళు గమనించి 2003లో ఫలితాలు వేశారు. నడుం నొప్పి మిగతావాళ్ళ కంటే ఎక్కువే, కానీ ఉద్యోగాలు, సంసారాలు అందరిలాగే సాగాయి. ఆయాసం వచ్చింది ముఖ్యంగా ఛాతీ వంపు 80 దాటినవాళ్ళకు. అది చదివాక నాకు నిద్ర పట్టింది. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో కారు పార్కింగ్ కింద దొరికింది కదా, ఆయన వెన్ను నా కంటే వంకర. గుర్రమెక్కి యుద్ధం చేశాడు. 32కే పోయాడనుకోండి, వంపు వల్ల కాదులెండి, కత్తిపోట్ల వల్ల.

రెండుసార్లు:
నా పేరే చెబుతోంది కదా. మొదటి ఆపరేషన్ 44వ ఏట, రెండోది 47వ ఏట. కారులోంచి ఒక కాలు బయట పెట్టాను, వీపులో "టప్" అని చప్పుడు. నొప్పి లేదు, చప్పుడే. వారం తర్వాత మొదలైంది నొప్పి. ఎక్స్‌రే తీస్తే రాడ్డు విరిగింది.

రాడ్డు ఎందుకు విరుగుతుందో అప్పుడు తెలిసింది. స్క్రూలు, రాడ్లు శాశ్వతంగా మోయడానికి కాదు, ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచడానికి. అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎక్కడైనా అతుక్కోకపోతే ప్రతి అడుగు బరువూ లోహం మీదే పడుతుంది. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు తెగుతుంది. నేను సిగరెట్లు మానేశానని డాక్టర్‌తో చెప్పాను. మానలేదు. రోజుకు రెండే కదా అనుకున్నాను. నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని దెబ్బ తీస్తుంది, గమ్ములూ ప్యాచ్‌లూ కూడా అదే నికోటిన్. తప్పంతా దానిదే అనలేను, తాగనివాళ్ళకీ విరుగుతాయి. కానీ నా వంతు నేను చేశాను.

పెద్దల్లో మళ్ళీ ఆపరేషన్ పడటం అరుదేం కాదు గీత గారూ. "మీరు చేసినవాళ్ళలో ఎంతమందికి రెండోసారి పడింది?" అని సర్జన్‌ని ముఖం మీదే అడగండి. లెక్క చెప్పలేనివాళ్ళ దగ్గరకి నేనైతే వెళ్ళను.

పాత రాడ్డు:
నేను ఇక్కడ పెద్దదాన్ని. పదిహేనేళ్ళప్పుడు, 1979లో హారింగ్టన్ రాడ్డు (అప్పట్లో వెన్నుకు వేసే లోహపు కడ్డీ) వేశారు. ముందు నుంచి చూస్తే నిలువుగా నిటారుగా ఉన్నాను, అందరూ మెచ్చుకున్నారు. కానీ నడుం దగ్గర సహజంగా ఉండే లోపలి ఒంపును ఆ రాడ్డు చదును చేసేసింది. యాభై దాటాక ముందుకి ఒరిగిపోవడం మొదలైంది. నిటారుగా కనిపించాలంటే మోకాళ్ళు మడుచుకుని నిలబడాలి. తొడలు మండిపోతాయి.

పక్క నుంచి తీసిన ఎక్స్‌రే గురించి అడుగమ్మా. పెద్దవాళ్ళలో బాధకీ, పక్కకు ఎన్ని డిగ్రీలు అన్నదానికీ అంత పొంతన ఉండదు. ముందుకు ఒరిగావా లేదా అన్నదానికే ఎక్కువ సంబంధం. ఇప్పటి సర్జన్లు దీన్నే ముందు చూస్తారు. మా కాలంలో వాళ్ళకు తెలియదు, వాళ్ళను తప్పుపట్టను.

కండరాల కబుర్లు:
నేను ఫిజియోథెరపిస్టుని, నాకూ 30 డిగ్రీలు ఉంది. వ్యాయామంతో పెద్దవాళ్ళ వెన్ను నిటారు అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. స్కోలియోసిస్ కోసమే ఉన్న ష్రోత్ వ్యాయామాలైనా, ఏవైనా. నొప్పి తగ్గుతుంది, ఎక్కువసేపు నిలబడే ఓపిక వస్తుంది, అంతే. అది తక్కువేం కాదు.

ఇద్దరు సర్జన్లూ వేరే మాట చెప్పారని కంగారు పడకండి. వాళ్ళు వేర్వేరు ప్రశ్నలకు జవాబిచ్చారు. ఒకాయన "ఈ వంపు ఇంకో ఇరవై ఏళ్ళకి ఏమవుతుంది" అన్నదానికి, ఆవిడ "ఈ మనిషికి ఇవాళ ఏం కావాలి" అన్నదానికి.

2019లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది, నడుం స్కోలియోసిస్‌తో బాధపడే 40 నుంచి 80 ఏళ్ళవాళ్ళ మీద. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు రెండేళ్ళకి సగటున బాగా మెరుగయ్యారు. చేయించుకోనివాళ్ళు చాలావరకు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. చీటీ వేసి రెండు గుంపులుగా విడగొట్టాలని చూశారు గానీ, చాలామంది మధ్యలో గుంపు మారిపోయారు, అందుకని ఆ పోలిక తేలలేదు. దీన్నుంచి నేను తీసుకున్నది ఏమిటంటే, ఇప్పుడున్న బాధతో బతకగలిగితే ఒకటి రెండేళ్ళు ఆగినంత మాత్రాన చెయ్యి దాటిపోదు. బతకలేకపోతే, ఆగితే అదే తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి.

ఒక్కటి మాత్రం ఆగకూడదు. పాదం పైకి ఎత్తలేక నేలకు తగిలి ఈడ్చుకుపోతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, అసలు రాకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆరోజే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఫోరంలో పోస్టు పెట్టడానికి ఆగొద్దు.

వాళ్ళాయన:
ఆపరేషన్ అయింది మా ఆవిడకి, నాకు కాదు. అయినా రాస్తాను, ఎందుకంటే ఆమెకు మొదటి పది రోజులు గుర్తు లేవు, నాకున్నాయి.

తొమ్మిది గంటలు లోపల. నరాల పనితీరు ఆపరేషన్ పొడుగునా మెషిన్ మీద చూస్తుంటారని ముందే చెప్పారు, ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. మర్నాడే లేపి నిలబెట్టారు. పక్కకు తిరగాలంటే భుజాలూ తుంటీ ఒకేసారి, దుంగ దొర్లినట్టు దొర్లాలి. నొప్పి మాత్రలకు మలబద్ధకం పట్టుకుంది, నాలుగో రోజు ఆమె ఏడ్చింది వెన్ను కోసం కాదు, దాని కోసం.

ఇంట్లో సామాన్లన్నీ నడుం ఎత్తుకి తెచ్చి పెట్టాను. ఫోన్ ఛార్జర్ ఒక్కటి మర్చిపోయాను, అది నేల దగ్గరి ప్లగ్గులో ఉంది. దాని గురించి అర్ధరాత్రి మా ఇద్దరికీ పెద్ద గొడవ. అయిదో వారం దగ్గర ఆమెకు దిగులు కమ్మింది. ఎందుకు చేయించుకున్నానా అని రోజూ. చాలామందికి ఆ టైమ్‌కి వస్తుందని నర్సు చెప్పింది. మూడో నెలకి పోయింది. ఇప్పుడు రెండేళ్ళు. మళ్ళీ అయితే చేయించుకుంటావా అని అడిగితే "చేయించుకుంటా, కానీ నువ్వు సెలవు పెట్టాలి" అంటుంది.

చూసుకునే మనిషి లేకుండా మాత్రం తేదీ తీసుకోకండి. మొదటి ఆరు వారాలు ఒక్కరి వల్ల కాదు.

టైటానియం వెన్ను:
వాళ్ళాయన గారూ, ఛార్జర్ గొడవ మా ఇంట్లోనూ జరిగింది!

గీత గారూ, ఒక చిట్కా. ఒక్క రోజు, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, నడుం అస్సలు వంచకుండా, తిప్పకుండా ఉండి చూడండి. గట్టి బెల్టు కట్టుకుంటే ఇంకా తెలుస్తుంది. ఏది కుదరలేదో ఒక కాగితం మీద రాయండి. రెండో కాగితం మీద ఇప్పుడు వంపు వల్ల చేయలేనివి రాయండి. నాకు రెండో కాగితమే పొడుగ్గా ఉంది, అందుకే చేయించుకున్నాను.

వంకరగీత:
మూడు నెలల తర్వాత వస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పాత ఫైళ్ళలో 33వ ఏట తీసిన ఎక్స్‌రే దొరికింది. అప్పుడు 46. అంటే ఎనిమిదేళ్ళలో ఎనిమిది. పక్క నుంచి తీసినదాంట్లో ముందుకి పెద్దగా ఒరగలేదని చెప్పారు. ఎముక సాంద్రత చూడటానికి డెక్సా స్కాన్ చేయిస్తే తక్కువగా వచ్చింది, విటమిన్ డి కూడా తక్కువే. ఇప్పుడే స్క్రూలు వేస్తే పట్టు సరిగ్గా దొరక్కపోవచ్చని, ముందు ఎముకకు మందులు వాడమని ఆపరేషన్ చేద్దామన్న ఆయనే అన్నారు. రెండోసారి ఎంతమందికి పడిందని అడిగితే ఆయన మొహం చిట్లించుకోలేదు, లెక్క తీసి చూపించారు. ఆయన మీద నమ్మకం కుదిరింది, చేయించుకున్నా మానినా.

కాలు కోసం నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చారు. ఆరు వారాలు లాగడం పోయింది, మళ్ళీ కొంచెం వస్తోంది. ఏ నరమో తేలింది, అది ముందుకి పనికొస్తుందన్నారు. వ్యాయామం వదలడం లేదు. ఇప్పుడు ముప్పై అయిదు నిమిషాలు నిలబడుతున్నాను, టైమర్ పెట్టి చూశాను. ఏడాది తర్వాత మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ డెక్సా. అప్పటిదాకా తేదీ తీసుకోవడం లేదు.

బెల్టు పరీక్ష కూడా చేశాను. పొద్దున్నే తాళంచెవులు కింద పడ్డాయి. వాటిని చూస్తూ కాసేపు నిలబడ్డాను, తర్వాత గోడ పట్టుకుని మోకాళ్ళు మడిచి తీశాను. సాక్సు మానేసి చెప్పులు వేసుకున్నాను. చాలావరకు నెట్టుకొచ్చాను గానీ కాలిగోళ్ళు మాత్రం ఎలా తిరిగినా అందలేదు. ప్రస్తుతానికి నా రెండు కాగితాలూ సరిసమానంగా ఉన్నాయి.

టైటానియం గారూ, అడగొచ్చో లేదో గానీ, గోళ్ళు ఎలా కత్తిరించుకుంటారు?

టైటానియం వెన్ను:
నేను కత్తిరించుకోను. ఆదివారం మా అమ్మాయి కత్తిరిస్తుంది. చిన్నప్పుడు దాని గోళ్ళు కత్తిరించబోతే అరిచి గీపెట్టేది, ఇప్పుడు నన్ను కదలొద్దని కసురుతుంది.