నార్లికర్ కథలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
2025 మే 20న పుణేలో జయంత్ విష్ణు నార్లికర్ గారు కన్నుమూశారని తెలిసినప్పటి నుంచి మనసు కుదుటపడటం లేదు. అందరూ ఆయనను ఖగోళ శాస్త్రవేత్తగా స్మరిస్తున్నారు. మరాఠీ సైన్స్ ఫిక్షన్ రచయితగా ఆయనను చదవాలంటే ఏ కథతో మొదలుపెట్టాలో పెద్దలెవరైనా చెప్పగలరా?

సమాధానం 1:
‘కృష్ణవివర్’తో మొదలుపెట్టండి. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి ఆ కథను పంపేటప్పుడు, తన పేరు చూసి న్యాయనిర్ణేతలు మొగ్గు చూపకూడదని, ఆయన తన పేరులోని పొడి అక్షరాలను తిరగేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అనే మారుపేరు పెట్టుకున్నారు. మొదటి బహుమతి ఆ కథకే దక్కింది. అప్పటికే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, 1965లోనే పద్మభూషణ్ అందుకున్న మనిషి కొత్త రచయితల వరుసలో నిలబడి తీర్పు కోసం ఎదురుచూడటం నాకు ఆయన కథలంత ఇష్టం.

సమాధానం 2:
నేనైతే ఆత్మకథే ముందు చదవమంటాను. బనారస్, కేంబ్రిడ్జ్, ముంబై, పుణే నగరాల్లో సాగిన జీవితాన్ని చెప్పే ఆ పుస్తకానికి 2014లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

సమాధానం 3:
ఆటోగ్రాఫ్ అడిగిన పిల్లలతో, పోస్టుకార్డు మీద ఒక ప్రశ్న రాసి పంపితే సంతకంతో సహా జవాబిస్తానని ఆయన చెప్పేవారట. అటువంటి ఓపిక ఉన్న రచయిత వెళ్లిపోయారన్నదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.